బడి వేళ నేర్చుకున్న చిరుత

అనగనగా ఒక అడవిలో, వాగుకి అవతల, అతిథి మర్యాదలు నేర్పే పెద్ద బడి ఉండేది. చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే పక్షులకు బస చూపడం, గడ్డిపక్క పరచడం, నీళ్లందించడం అక్కడి చదువు. గురువు నెమలి. పొద్దు పొడవగానే పేర్లు పిలిచేవారు.

ఒకరోజు వాగు ఒడ్డున తడి ఇసుకలో చిరుత అడుగులు కనిపించాయి. రోజూ వాగు దాటి బడికి వెళ్లే కుందేలు వాటిని చూసింది. దాని బొరియలో కళ్లు తెరవని పిల్లలున్నాయి.

"గురువుగారూ, మాటల పాఠం గోరింక మోసుకొచ్చి మా పొదల్లోనే చెబుతుంది. చేతిపనికి మాత్రం అందరం కలిసి, రోజుకో వేళ, రోజుకో దారిన వస్తాం," అంది.

నెమలి పురి విప్పారు. "ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని నేర్చుకునేది వంటొక్కటే."

"అదీ ఎవరో నేర్పితేనే వచ్చింది లెండి," అంది కుందేలు.

ముంగిస నవ్వాడు. వాడి కన్నం బడి గట్టు కిందే. "నాకేం ఇబ్బంది లేదే, కుందేలక్కా."

"నీకు వాగు లేదుగా, తమ్ముడూ."

మర్నాడు కుందేలు, అడవికోడి కలిసి బయల్దేరాయి.

"వదినా, రెల్లు కదులుతోంది. ఆగు."

"గాలేమోలే. ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు," అని అడవికోడి పరుగు తీసింది.

గాలి లేదు. రెల్లు మళ్లీ కదిలింది. ఇసుక మీద ఈకలు మిగిలాయి.

కుందేలు పడుతూ లేస్తూ బడికి చేరి చెప్పింది.

"రేపు వేళకి రానివాళ్లకి చదువు లేదు," అన్నారు నెమలి, తోక సర్దుకుంటూ.

ఆ వేళని అందరికన్నా బాగా నేర్చుకున్నది చిరుతే.

మూడోనాడు కుందేలు వెళ్లలేదు. వెళ్లేవాళ్లందరినీ పొద దగ్గరే ఆపింది. "చదువు పోతే మళ్లీ అడుగుదాం. ప్రాణం పోతే ఎవరిని అడుగుతాం?"

పొద్దు పొడిచింది. చిరుత రెల్లులో దాగి చాలాసేపు ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. అవతల నుంచి పేర్లు పిలిచే గొంతు ఒక్కటే వినిపించింది. చిరుత వాగు దాటి, ఆ గొంతు వెంట నడిచింది.

మళ్లీ అడగమని కుందేలు పంపగా గోరింక వెళ్లేసరికి, నెమలి చిటారుకొమ్మని పట్టుకుని కూర్చున్నారు. తోక లేదు. చెట్టు కింద చిరుత కూర్చుని ఉంది. ముంగిస కన్నంలోంచి ముక్కు కూడా బయట పెట్టలేదు.

"కుందేలుతో చెప్పు," అన్నారు నెమలి. "ఇవాళ్టి పాఠం ఇక్కణ్నుంచే చెబుతాను. నువ్వు మోసుకెళ్లు."

గోరింక పాఠం పొదకి తెచ్చింది. గురువు చెప్పినట్టే ముందు పేర్లు పిలిచింది. మొదటి పేరు అడవికోడిది.

ఎవరూ పలకలేదు.

నీతి: అందరికీ ఒకటే వేళ, ఒకటే దారి అని పట్టుబట్టే గురువు, పిల్లలకి చదువు నేర్పేలోపే చిరుతకి దారి నేర్పుతాడు.