పేజీలు తిప్పే యంత్రం

ఏ పత్రికకు చందా కట్టాలో ఫణీంద్రకు ఎంతకీ తేలలేదు.

కాకినాడలో పాలిటెక్నిక్ ఉద్యోగం విరమించాక జోగారావు మాష్టారు తన వరండాలోనే రోబోలు చేయడం నేర్పిస్తున్నారు. ఫణీంద్ర ఆయన శిష్యుడు. ఒక ఆదివారం సంచీ నిండా రోబోల పత్రికలు తెచ్చి ఆయన ముందు పరిచాడు. ఒకదాంట్లో బొమ్మలు బాగున్నాయి గానీ అందులో చెప్పిన మోటార్లు ఇక్కడ దొరకవు. ఇంకోటి వివరంగానే చెబుతుంది గానీ అంతా పాత పద్ధతి. మరోటి తెరిస్తే సగం ప్రకటనలే. వీటిలో మంచిది మీరే ఎంచి పెట్టాలన్నాడు.

దేనికని అడిగారు మాష్టారు.

అక్కయ్య కోసమన్నాడు. వాళ్ళక్క విశాలాక్షికి జబ్బుచేసి రెండు చేతులూ పడిపోయాయి. చదవకుండా ఉండలేని మనిషి. పుస్తకంలో పేజీలు తిప్పే యంత్రం చేసిపెడతానని ఆవిడకు మాటిచ్చాడు. ఏదో ఒకటి నాసిగా చేయడం ఇష్టంలేక నిరుటి వేసవి నుంచీ మంచి నమూనా కోసం వెతుకుతున్నాడు.

మాష్టారు చెప్పులేసుకుని, పద, మీ ఇంటికెళ్దామన్నారు.

విశాలాక్షి కిటికీ పక్కన కూర్చునుంది. ఎదురుగా బల్ల మీద నవల. రోజూ పొద్దున్నే ఫణీంద్రే దాన్ని తెరిచిపెట్టి వెళ్తాడు. మాష్టారు స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆవిడ చూపు పేజీ అడుక్కి చేరాక మెల్లగా తిప్పారు. ఆవిడ ఒకసారి ఆయన వంక చూసి, మళ్ళీ చదువులో పడింది. ఆయన ఇంకో పేజీ తిప్పారు. మరొకటి. ఫణీంద్ర సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎవరూ లేనప్పుడెలాగమ్మా?" అన్నారు మాష్టారు.

"గాలేస్తే తిరుగుతుందండీ. ఒక్కోసారి వెనక్కి."

"సాయంత్రం తమ్ముడుంటాడుగా."

"వాడు ఆ పత్రికలు ముందేసుకుని కూర్చుంటాడు. నా కోసమేగా. మళ్ళీ నేను పిలవడం ఏం బావుంటుంది?"

మాష్టారు లేచి నిలబడ్డారు. శిష్యుడి చేతిలోంచి సంచీ తీసుకుని వెళ్ళిపోయారు.

ఫణీంద్ర వచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత పేజీ అంచు పట్టుకున్నాడు.

"ఆగరా," అంది విశాలాక్షి. "ఇంకా రెండు లైన్లున్నాయి."

అతను ఆగాడు.