బుఖారాకు మూడు పుస్తకాలు

2011 ఫిబ్రవరి 17, గురువారం. ప్రవక్త పుట్టిన మీలాదు పండగ మర్నాడు. సాయంత్రం అయిదుంబావుకు, అసర్ నమాజు ముగించుకుని, లాల్‌సాహెబు తాత ఆదోనిలో మా ఇంటికి వచ్చారు. తేదీలూ గంటలూ నాకు గుర్తుండటం మా ఇంట్లో అందరికీ వేళాకోళం. ఈ ఒక్క తేదీని మాత్రం ఎవరూ వేళాకోళం చెయ్యరు.

మాది దూదేకుల ఇల్లు. మా అన్న ఖాదర్‌వలికి పరుపుల అంగడి ఉంది. నాయన లాల్‌సాహెబు తాతకు మురీదు, అంటే శిష్యుడు. నాయన పోయాక అన్న కూడా ఆ గురువు చెయ్యే పట్టుకున్నాడు. వాళ్ల సూఫీ మార్గానికి మూలపురుషుడైన మహాత్ముడి సమాధి బుఖారా దగ్గర ఉంది. అది ఉజ్బెకిస్తాన్ దేశంలోని ఊరు. నాయన దూది ఏకుతూ ఆ ఊరి సంగతులన్నీ అమ్మకు చెప్పేవాడు. అక్కడి గుమ్మటాలు ఆకాశం కన్నా నీలంగా ఉంటాయట. తను చూసింది లేదు, ఎవరి నోటో విన్నదే. పోయే ముందు అన్నను దగ్గరికి పిలిచి, "మీ అమ్మకు చూపించు నాయనా" అన్నాడు.

అమ్మకు అప్పటికే కంటి నరం ఎండిపోతోంది. కర్నూలు డాక్టరు చుక్కల మందు రాసి, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని కాపాడుకోవాలనీ చెప్పాడు. ఎట్లా ఉందమ్మా అని అడిగితే ఆమెది ఎప్పుడూ ఒకటే జవాబు. "బాగనే కనిపిస్తాంది, పోండి."

అన్న అమ్మకూ తనకూ పాస్‌పోర్టులు చేయించాడు. కానీ ప్రయాణం ముందుకు సాగలేదు.

మక్కాకు పోతామంటే వీధికి ఇద్దరు దారి చెబుతారు. బుఖారా చూసొచ్చిన మనిషి మా ఎరుకలో లేడు. అందుకని అన్న హైదరాబాదు నుంచి పుస్తకాలు తెప్పించాడు. ఒకటి లావుపాటిది, చీమల్లాంటి అక్షరాలు. ఒకటి నిండా రంగు బొమ్మలే. మూడోది పాతది, దాని పటంలో ఆ దేశం ఇంకా రష్యాలోనే ఉంది. ఒకటి రైలు ఎక్కమంటే ఒకటి కారే మేలంటుంది. ఒక పటంలో ఉన్న ఊరు ఇంకో పటంలో ఇంకో పేరుతో ఉంటుంది. అన్న పరుపు కుట్టే దారం తెచ్చి విమానం దిగే తాష్కెంటు నుంచి బుఖారాకు పటం మీద పరిచి కొలిచేవాడు. మూడు పటాలకు మూడు పొడుగులు వచ్చేవి. విమానంలో బరువు లెక్క చూస్తారని, ఒకరోజు పుస్తకాలను అంగడికి తీసుకుపోయి దూది తూచే తక్కెడలో వేసి కూడా చూశాడు.

"ఖాదరా, ముందు ఆ పుస్తకాలను పంపిద్దాం. అవి పోయి చూసి వస్తే, వెనక మనం పోదాం" అని అమ్మ నవ్వేది.

ఏడాది దాటింది.

ఆ సాయంత్రం తాత వచ్చేసరికి అన్న నట్టింట్లో పటాలు పరుచుకుని కూర్చున్నాడు. తాత కాలు పెట్టడానికి చోటు వెతుక్కున్నారు.

"ఏమప్పా, పరుపులు మానేసి కాగితాలు కుడతాండావా?"

అన్న గబగబా పటాలు మడిచి, తాతను పరుపు మీద కూర్చోబెట్టి, మూడు పుస్తకాలూ ఆయన ముందు పెట్టాడు.

"తాతా, నా వల్ల కాలేదు. మీరు దేని మీద చెయ్యి వేస్తే దాన్ని తీసుకుని బయల్దేరతాను."

"నాకు ఇంగ్లీషు యాడొస్తుందప్పా?"

"చదవొద్దు తాతా. మీ చెయ్యి తగిలితే చాలు. భాష రాని దేశం. అమ్మను తీసుకుపోయి నడివీధిలో దారి తప్పితే? పరుపులోడు పటాలు పట్టుకుని దేశాలు తిరగబోయినాడని బజారంతా నవ్వుతుంది."

తాత పుస్తకాల వైపు చూడలేదు. "పోయేది ఎవరు?" అన్నారు.

"నేనూ అమ్మా."

"చూసేది?"

"అమ్మే. ఆమె కోసమే కదా."

"మీ అమ్మ ఇమాంబీని అడిగినావా, ఏ పుస్తకం బాగుందో?"

అన్నకు నవ్వొచ్చింది. "అమ్మకు పుస్తకాల సంగతి ఏం తెలుస్తుంది తాతా!"

తాత బొమ్మల పుస్తకం తీసుకుని లేచారు. అమ్మ గడప దగ్గర పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. వాకిట్లో ఇంకా మంచి ఎండ ఉంది. తాత ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. అమ్మ కంగారుపడి పీట జరపబోతే వద్దన్నారు. బొమ్మల్లో అన్నిటికన్నా పెద్దది వెతికి, ఆ పేజీ తెరిచి ఆమె ఒళ్లో పెట్టారు.

"తల్లీ, మీ ఆయన చెప్పిన ఊరేనా ఇది, చూడు."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. బిస్మిల్లా అని పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా ఎత్తింది. కొంచెం పక్కకు తిప్పింది, ఎండకు పట్టింది. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను. పేజీ నిండా ఒకే గుమ్మటం. అంత నీలాన్ని నేను ఏ బట్ట మీదా చూడలేదు.

"అబ్బ, ఎంత పెద్ద గుమ్మటం!" అంది అమ్మ. ఇంకాసేపు చూసింది. "ఆయన నీలమని చెప్పేవాడే. ఇది నల్లగా ఉండాదే, బండరాయి మాదిరి." ఆమె గొంతులో నొప్పించకూడదనే జాగ్రత్త ఉంది, నాయన పక్కనే ఉన్నట్టు. "ఆయన మాత్రం ఏం చేస్తాడులే. చూడలేదు కదా, పాపం. ఎవరో చెప్పింది నాకు చెప్పినాడు."

అన్న నట్టింట్లోంచి లేచి వచ్చాడు. ఆమె చేతిలోని పేజీని చూశాడు, ఆమె కళ్లను చూశాడు.

తాత ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగుతూ కూర్చున్నారు.

అన్న అమ్మ పక్కన గొంతుక్కూర్చుని అన్నాడు. "నాయన నిజమే చెప్పినాడమ్మా. నీలమే. ఈ పుస్తకంలో అచ్చు సరిగా పడలేదు."

అమ్మ ముఖం విప్పారింది. "అట్లా చెప్పు మరి! ఏడాది నుంచి వెతికి వెతికి, అచ్చు కూడా సరిగా లేనిదాన్ని కొన్నావా నాయనా?"

"అవునమ్మా" అన్నాడు అన్న.

తాత పుస్తకం మూసి అతని చేతికిచ్చారు.

"ఖాదరూ, నన్ను అడగాల్సింది ఇంకేమైనా ఉందా?"

అన్న తల అడ్డంగా ఊపాడు.

టీ తాగి తాత లేచారు. వీధి మలుపు దాకా సాగనంపడానికి నేను వెంట వెళ్లాను. మీకెట్లా తెలిసింది తాతా, ఇంట్లో ఉన్న మాకే తెలియలేదే అని అడిగాను. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ నెమ్మదిగా నడుస్తున్నారు.

"నిన్న పండగనాడు మీ అమ్మ దర్గాలో నా పక్కనున్న స్తంభానికి సలాం చెప్పింది తల్లీ. స్తంభం నోరెత్తలేదు. దాని బదులు నేను జవాబు చెప్పినాను."

మలుపు దగ్గర నన్ను వెనక్కి పొమ్మని చేత్తో సైగ చేశారు.

మర్నాడు పొద్దున అన్న అంగడి తెరవలేదు. ఫజర్ నమాజు నుంచి వచ్చి, హైదరాబాదులోని టికెట్ల ఆఫీసు తెరిచే వేళ దాకా ఫోను పక్కనే కూర్చున్నాడు. అవతల ఫోను ఎత్తినతను ఏయే ఊళ్లు చూస్తారని అడిగినట్టున్నాడు.

"బుఖారా ఒక్కటే" అన్నాడు అన్న. "అక్కడ వెలుతురు బాగుండేది ఎప్పుడు?"

అవతల ఏదో చెప్పారు.

"మే నెలంటే మాకు ఆలస్యం. అంతకు ముందు?"

మళ్లీ ఏదో చెప్పారు.

"చలి ఉంటే ఉండనీ, కప్పుకుంటాం. వీసా వచ్చిన మర్నాటికే టికెట్లు రాయండి. కిటికీ పక్క సీటు మా అమ్మకు."

వంటింట్లో అమ్మ అంతా విన్నది. నా చేత అటక మీది పెట్టె దింపించి, నాయన ఉన్ని శాలువా వెతికి తీయించింది. దాన్ని నేనూ వదినా చెరో కొసా పట్టుకుని దులిపి, మిద్దె మీద ఎండలో వేశాం.