మొదలెట్టని షెడ్డు

“దరఖాస్తు పెట్టినంత మాత్రాన వ్యాపారం అయిపోతుందా సార్?”

గోదావరి జిల్లాల్లో ఒకచోట, గణాంక శాఖ ఆఫీసులో కొత్తగా చేరిన సుభాషిణి తన పై అధికారి కడలి సత్యానందం గారిని అడిగిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏది అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పరు. “అలాగా?” అని కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ తుడవడం మొదలైతే ఇక ఎండలో తిరగడం ఖాయమని పాత శిష్యులందరికీ తెలుసు. సుభాషిణికి ఇంకా తెలియదు.

ఆమె విసుగుకు కారణం లేకపోలేదు. కొత్తగా వ్యాపారం పెట్టుకుంటామని జిల్లాలో ఎవరు దరఖాస్తు చేసుకున్నా ఆ లెక్క నెలనెలా ఈ ఆఫీసుకు వస్తుంది. వాటిలో ఎన్ని నిజంగా మొదలయ్యాయో ఫోన్లు చేసి కనుక్కుని నివేదిక రాయడం సుభాషిణి పని. ఈసారి దరఖాస్తులు ఎప్పటిలాగే వచ్చాయి గాని, ఎవరికి ఫోను చేసినా “ఇంకా మొదలెట్టలేదండి” అన్నదే జవాబు. అడిగి అడిగి ఆమెకు గొంతు పోయింది, విని విని ఓపిక కూడా పోయింది. జనం ఆశల్ని లెక్కపెట్టి ప్రభుత్వానికి పంపడం ఏం శాస్త్రమని ఆమె వాదన. జిల్లాలో వ్యాపారం చేసే ఉత్సాహమే చచ్చిపోయిందని నివేదిక కూడా రాసేసింది. పారిశ్రామికవాడలో షెడ్డు తీసుకుని పని మొదలెట్టనివాళ్ళు ఎవరో అందులో విడిగా చూపించింది. ఆ పేర్లు పైకి వెళితే షెడ్లు వెనక్కి తీసుకుని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. వాటిలో మొదటి పేరు దొమ్మేటి వీరవేణిది. కొబ్బరి పొట్టును ఇటుకల్లా నొక్కి మొక్కల నర్సరీలకు అమ్ముతానని దరఖాస్తు పెట్టిన మనిషి.

సత్యానందం గారు కళ్ళజోడు తుడుచుకోవడం పూర్తిచేశారు. “నివేదిక మీద సంతకం ఎక్కడికీ పోదు, వచ్చి పెడతాను. ముందు ఈ వీరవేణి గారిని చూసొద్దాం పదమ్మా” అన్నారు.

ఊరు దాటాక, కాలవ గట్టు పక్కన ఉంది ఆ పారిశ్రామికవాడ. వీరవేణి షెడ్డు షట్టరు దించే ఉంది. పైన బోర్డుకు తెల్లగుడ్డ కప్పి తాడుతో కట్టారు. సుభాషిణి అది చూసి, తన మాటే నెగ్గినట్టు సార్ వైపు తిరిగింది. ఆయన మాత్రం చెప్పులు తడవకుండా కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ నడుస్తున్నారు.

మనుషుల అలికిడి విని షెడ్డు పక్క సందులోంచి వీరవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై దాటిన మనిషి, మోచేతుల దాకా గోధుమరంగు మరకలు. ఆవిడ వెనకే అత్తగారు నాగరత్నం.

“వీరవేణి గారూ, ఫోనులో అడిగాను గుర్తుందా? పని మొదలెట్టారా?” అంది సుభాషిణి.

“లేదండి మేడం గారూ. ఇంకా మొదలెట్టలేదండి.”

సుభాషిణి ఆ మాట రాసుకుని వెనక్కి తిరగబోయింది. కాలు కాలవలోకి పోయే బోదెలో పడింది. నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉన్నాయి, మూసి ఉన్న షెడ్డు వెనకనుంచే వస్తున్నాయి. ఆమె తడిసిన చెప్పు విదిలించుకుని, ఎవరినీ అడక్కుండా ఆ సందులోంచి వెనక్కి వెళ్ళింది. అక్కడ సిమెంటు తొట్ల నిండా పొట్టు నానుతోంది. చీరలు ఎగ్గట్టుకుని ఆడవాళ్ళు దాన్ని కాళ్ళతో తొక్కుతూ, పాత నీళ్ళు వదిలి కొత్త నీళ్ళు పడుతున్నారు. ఒక ట్రాక్టరు అప్పుడే మరో లోడు దింపుతోంది.

“ఇదేమిటండీ మరి?”

“ఉప్పు దిగాలండి. ఉప్పు దిగకపోతే మొక్కలు చచ్చిపోతాయండి. వారాల తరబడి కడగాలి.”

“అంటే పని మొదలైనట్టే కదా!”

నాగరత్నం చప్పున కోడలికి అడ్డం వచ్చింది. “అమ్మమ్మా, అంత మాట అనేయకండి అమ్మాయిగారూ! మూఢం నడుత్తుంటే మొదలెట్టేవని నోటితో అంటారా ఎవరైనా? మూఢం వెళ్ళిపోయాక మంచిరోజు చూసుకుని, గుమ్మడికాయ కొట్టి, బోర్డు మీద గుడ్డ తీసి, అప్పుడు మిషను మీట నొక్కుతాం. అదండి మొదలెట్టడమంటే. ఇదంతా ఏదో చేతులూరుకోక చేసుకోవడం.”

“మొదలెట్టలేదని నేను రాస్తే ఈ షెడ్డు మీకు ఉండదండీ” అంది సుభాషిణి, కాస్త మెల్లగా.

వీరవేణి గబగబా ముందుకొచ్చింది. “దరఖాస్తు అందిందని నా ఫోనుకి కబురొచ్చిందండి. గవర్నమెంటోళ్ళు నా పేరు మీద పంపిన మొదటి కబురు అదేనండి. అప్పటిదాకా ఊళ్ళో నేను ఫలానావాడి పెళ్ళాన్నే. అత్తయ్య ఆ ఫోను పట్టుకుని వీధి వీధంతా చూపించింది. ఆ షెడ్డు తీసేయకండి మేడం గారూ” అంది.

“అయితే ఒక్కసారి మీట నొక్కండి. మిషను తిరగడం నేను కళ్ళారా చూసి, మొదలైందనే రాసుకుంటాను.”

వీరవేణి అత్తగారి వైపు చూసింది. నాగరత్నం వెనక తలుపులోంచి షెడ్డులోకి వెళ్ళి, మీట ఉన్న గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆవిడ్ని అక్కడినుంచి లేపాలంటే మూఢమే దిగిరావాలి. సుభాషిణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయానికి సార్ వైపు చూస్తే ఆయన ట్రాక్టరతనితో కొబ్బరి ధర మాట్లాడుతున్నారు.

అప్పుడు ఆమెకు సొంత ఇల్లు గుర్తొచ్చింది. కొత్త ఇంట్లో సామానంతా సర్దేసి, అక్కడే వండుకు తింటూ కూడా, మూఢమని గృహప్రవేశం ఆపేసింది వాళ్ళమ్మ. చుట్టాలు ఎవరడిగినా “ఇంకా ఇల్లు మారలేదు” అనే చెప్పేది. ఆ ఇంట్లోనే భోంచేసి ఆఫీసుకొచ్చి, కుర్చీలో కూర్చుని, జిల్లాలో జనానికి ఉత్సాహం చచ్చిపోయిందని రాసింది తను! అడిగినప్పుడల్లా అదే ప్రశ్న అడిగింది, అదే జవాబు విని ఫోను పెట్టేసింది. సుభాషిణికి సిగ్గేసింది.

ఆమె వెళ్ళి నాగరత్నం పక్కన నేలమీద కూర్చుంది. “మొదలెట్టడం సంగతి వదిలేయండి పిన్నిగారూ, నేనిక ఆ మాట ఎత్తను. ఈ షెడ్డు మీద ఇప్పటిదాకా ఎవరెవరికి పని దొరికిందో చెప్పండి చాలు.”

ఇక నాగరత్నం నోటికి అడ్డేముంది? పొట్టు తొక్కే ఆడవాళ్ళ పేర్లు, వాళ్ళ ఇళ్ళ సంగతులు, మిల్లునుంచి పొట్టు తోలే ట్రాక్టరు, తొట్లు కట్టిన తాపీ మేస్త్రి, ఈ జనాన్ని నమ్ముకుని గట్టు మీదికి బండి మార్చుకున్న టీ కొట్టామె, సరుకు ఎప్పుడిస్తారని రోజూ అడిగే నర్సరీ ఆయన, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. సుభాషిణి రాస్తూనే ఉంది. చివర, కొట్టివేయాల్సిన పేరు కాదిది, పని జరుగుతున్న చోటు అని రాసి, వీరవేణికి చదివి వినిపించింది. వీరవేణి రెండు చేతులూ జోడించింది.

నాగరత్నం గోడ దగ్గరనుంచి లేవకుండానే సుభాషిణి తల నిమిరింది. “ఫోనులో అడిగి ఊరుకోకుండా ఇంత దూరం వచ్చి చూశారు. చల్లగా ఉండండి తల్లీ.”

ఆ దీవెన తనకు చెందదని సుభాషిణికి తెలుసు. సార్ తీసుకొచ్చారు, బోదె ఆపింది, వీళ్ళు చూపించారు. నిజానికి దణ్ణం పెట్టవలసింది తనే. ఆ మాటే అని, పెట్టింది కూడా.

తిరుగుదారిలో జీపులో, వీళ్ళు లేకపోతే తన చేతులతోనే ఎన్ని షెడ్లు మూయించేదో అనుకుంటే సుభాషిణికి భయమేసింది, ఆ వెంటనే మనసు కృతజ్ఞతతో నిండింది. ఆ నివేదిక చింపేసి, అందరికీ మళ్ళీ ఫోను చేసి ఈ కొత్త ప్రశ్న అడుగుతానంది. సత్యానందం గారు మంచిదన్నారు.

కాని ఆమె మొదటి ప్రశ్న ఇంకా తీరలేదు. “అయినా సార్, దరఖాస్తు పెట్టినవాళ్ళలో కొందరు మూఢం వెళ్ళినా నిజంగానే ఏదీ పెట్టరు కదా. వాళ్ళను కూడా ఎందుకు లెక్కపెట్టడం?”

సత్యానందం గారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: “బళ్ళో వేసిన రోజున మనకు ఒక్క అక్షరమైనా వచ్చిందా అమ్మా? అయినా ఆ రోజే హాజరులో మన పేరు పిలిచారు.”