పైడమ్మ ఇంటి టీవీలో బొమ్మ

అనగనగా, పిల్లలూ, మద్దిచెట్లు నిండిన ఒక పెద్ద అడవి. ఆ అడవిలో కొండవాలున ఒక దుప్పుల కుటుంబం ఉండేది. ఇంటాయన పేరు గవరయ్య. కొమ్మలు కొమ్మలుగా విరబూసిన పెద్ద కొమ్ములు ఆయనకి. ఇంటావిడ పేరు పైడమ్మ. వాళ్లకి ఒక్కగానొక్క కూతురు. పేరు మువ్వ.

మువ్వకి పరుగంటే ప్రాణం. పాలు తాగే వయసులోనే తల్లి చుట్టూ గిరగిరా తిరిగేది. కాస్త పెరిగాక వాగు ఒడ్డున గాలితో పందెం వేసేది. ఆ ఏడు అన్ని అడవులకీ కలిపి పరుగుపందెం పెట్టారు. ఎక్కడో కొండల అవతల, చాలా దూరంలో. ఈ అడవి తరఫున మువ్వ బయలుదేరింది.

పైడమ్మకి కూతురితో వెళ్లాలనే ఉంది. కానీ ఆవిడ ముందుకాలు ఎప్పుడో రాళ్లలో బెణికింది. అంత దూరం నడవలేదు. మువ్వ వెళ్లిన దారినే చూస్తూ దిగులుగా నిలబడింది.

గవరయ్య దగ్గరికొచ్చి అన్నాడు, “దిగులెందుకే పైడీ? పందెం టీవీలో చూపిస్తారట. మనమూ డిష్ పెట్టించుకుందాం. ఇంట్లో కూర్చునే చూద్దాం.”

పైడమ్మ ముఖం వెలిగిపోయింది.

ఆ అడవిలో డిష్‌లు బిగించేది ఒక్కడే. లకుముకిపిట్ట రంగబాబు. వీపు నీలం, రొమ్ము నారింజ, ముక్కు పొడుగు. ఆ ముక్కుతోనే మరలు తిప్పుతాడు. కబురు అందగానే వచ్చాడు. ఇంటి పక్కనున్న బండ మీద చకచకా డిష్ నిలబెట్టాడు. తీగ లాగాడు. టీవీ పెట్టాడు.

డిష్ వచ్చిందంటే ఇరుగుపొరుగు ఊరుకుంటారా? పక్కింటి ఎలుగుబంటి సన్యాసమ్మ వచ్చింది. కుందేళ్లు వచ్చాయి. అడవిపందులు గుంపుగా వచ్చాయి. ఇల్లంతా నిండిపోయింది.

టీవీలో ఒక తోట కనబడింది. ఎర్రపూలు నిప్పుల్లా ఉన్నాయి. గడ్డి పచ్చగా మెరిసిపోతోంది.

“అబ్బో!” అన్నాయి కుందేళ్లు.

“అబ్బో! అబ్బో!” అన్నాయి పందులు.

“చూశావా బావా,” అన్నాడు రంగబాబు రెక్కలు విదిలించి. “నా బొమ్మంటే ఇలా ఉంటుంది!”

“బ్రహ్మాండంగా ఉందయ్యా,” అన్నాడు గవరయ్య.

పైడమ్మ మాత్రం రోజూ తను కూర్చునే మూలకి వెళ్లి కాళ్లు ముడుచుకుని కూర్చుంది. నెమరు వేస్తూ టీవీ చూసింది. తల తిప్పి వాకిట్లోంచి కొండవాలు చూసింది. మళ్లీ టీవీ చూసింది.

“ఏమక్కా, బాగుందా?” అడిగాడు రంగబాబు.

“ఉండు నాయనా. నేను పుట్టినప్పటినుంచీ గడ్డే తింటున్నాను. అంత పచ్చటి గడ్డి నా నోటికి ఎప్పుడూ తగల్లేదు. అదిగో, ఆ తోటలో కుందేలు చూడు. తెల్లకుందేలా, పసుపు పూసుకున్న కుందేలా?”

అందరూ నవ్వారు. రంగబాబు కూడా నవ్వేశాడు.

“రంగులు పెంచి పెడితేనే కదక్కా జనం అబ్బో అంటారు!”

“నాకు అబ్బో అనడానికి కాదు నాయనా, చూడడానికి కావాలి. తగ్గించు.”

రంగబాబు రంగులు తగ్గించాడు. వెలుగు కూడా కాస్త తగ్గించాడు.

“అయ్యో, వెలిసిపోయిందే!” అంది ఒక కుందేలు.

“కాసేపు చూడవే,” అంది పైడమ్మ.

కాసేపు చూశారు. కళ్లు కుదుటపడ్డాయి. గడ్డి గడ్డిలా కనబడింది. ఇంతసేపూ ఎవరికీ కనిపించనిది ఒకటి కనబడింది. గడ్డిపోచ మీద గడ్డిరంగులోనే ఒక మిడత కూర్చుని ఉంది.

“మిడత! మిడత!” అని కుందేలు పిల్లలు గంతులేశాయి.

రంగబాబు సంచీ సర్దుకోబోయాడు. పైడమ్మ ఆపింది.

“తోటలు కాదు నాయనా. పరిగెత్తేవాళ్లని చూపించు.”

రంగబాబు ఛానల్ మార్చాడు. ఎక్కడో కబడ్డీ ఆట జరుగుతోంది. ఒకడు కూత పెట్టి ఉరికాడు. అంతే! వాడి కాళ్లు గళ్లు గళ్లుగా విరిగిపోయాయి. ముఖం ఒకచోట, నడుం ఒకచోట. ఒక్క క్షణం తర్వాత అతుక్కున్నాయి. మళ్లీ ఉరికాడు. మళ్లీ విరిగిపోయాడు.

“ఇదేమిటి నాయనా?”

“ఆటలంటే అంతే అక్కా. వేగంగా కదిలితే ఎవరింట్లోనైనా ఇంతే,” అన్నాడు రంగబాబు.

పైడమ్మ పక్కింటి ఎలుగుబంటి వైపు తిరిగింది. “సన్యాసమ్మ వదినా, మీ ఇంట్లోనూ ఇంతేనా?”

సన్యాసమ్మ ఇబ్బందిగా చెవి గోక్కుంది. “ఇంతే వదినా. గళ్లు గళ్లుగానే వస్తోంది. అందరూ బాగుంది బాగుంది అంటుంటే, నా కళ్లకే ఏదో వచ్చిందేమో అనుకున్నాను. సిగ్గేసి నేనూ బాగుందన్నాను.”

“మా ఇంట్లోనూ అంతే,” అంది కుందేలు.

“మా ఇంట్లో అయితే ఒక్కోసారి బొమ్మ కొయ్యలా నిలబడిపోతుంది,” అంది ఒక పంది.

రంగబాబు ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ముక్కు ఎర్రబడింది.

“ఇన్నాళ్లూ బాగుందని, ఇప్పుడు ఇదా మాట? అడవంతా మెచ్చుకున్న పని మీ ఒక్కరికి నచ్చలేదా అక్కా? సరే, నేను పోతున్నాను. ఇంకెవరినైనా పిలుచుకోండి!”

ఇంకెవరున్నారు? ఆ అడవిలో ఇంకొకరు లేరు. పందెం చూస్తే ఎల్లుండే. గవరయ్య భార్య చెవిలో గుసగుసగా అన్నాడు.

“పైడీ, ఊరుకోవే! వాడు అలిగి వెళ్లిపోతే ఈ మాత్రం బొమ్మ కూడా ఉండదు. ఇంతమందిలో నా పరువు పోతుంది. బాగుందని ఒక్క మాట అనేయరాదూ?”

పైడమ్మ టీవీ వైపు చూసింది. బాగుందంటే చాలు. రంగబాబు నవ్వుతాడు. మొగుడు నవ్వుతాడు. అందరూ ఇళ్లకి వెళ్తారు. తెరమీద కబడ్డీ ఆటగాడు ఇంకోసారి ఉరికాడు, ఇంకోసారి ముక్కలైపోయాడు. పైడమ్మకి ఆ ముక్కల్లో మువ్వ కనబడింది.

లేచి నిలబడి గట్టిగానే చెప్పింది.

“నా కూతురు పరిగెత్తడానికి వెళ్లింది. వేగంగానే పరిగెత్తుతుంది. వేగంగా కదిలితే విరిగిపోయే బొమ్మ నాకెందుకు? రంగబాబూ, నీ మీద నాకు కోపం లేదు. నీ పనికి వంక పెట్టాలనీ లేదు. ఒక్కసారి ఇలా వచ్చి నా పక్కన కూర్చుని చూడు. నీ కళ్లకి బాగుంటే వెళ్లిపో. నేను మళ్లీ మాట్లాడను.”

రంగబాబు గుమ్మం మీద నిలబడి ఆలోచించాడు. ఎన్నో ఇళ్లలో డిష్‌లు పెట్టాడు. బొమ్మ రాగానే సంచీ తీసుకుని ఎగిరిపోయాడు. ఏ ఇంట్లోనూ కూర్చుని చూసింది లేదు. మెల్లగా వచ్చి పైడమ్మ పక్కన వాలాడు.

చూశాడు. ఆటగాడు ఉరికాడు, విరిగాడు. ఇంకొకడు ఉరికాడు, విరిగాడు.

“అవునక్కా,” అన్నాడు నెమ్మదిగా. “బాగాలేదు.”

మీటలు నొక్కాడు. తెరమీద ఒక పచ్చగీత వచ్చింది. ఆకాశం నుంచి డిష్‌కి ఎంత అందుతోందో చెప్పే గీత అది. సగం దగ్గరే ఆగిపోయి ఉంది.

“డిష్ కొంచెం పక్కకి చూస్తోంది. సరిగ్గా తిప్పాలి. మర నేను వదులు చేస్తాను. కానీ ఇంత బరువు కదలకుండా పట్టుకోవడం నా వల్ల కాదు,” అన్నాడు.

“నా కొమ్ములు ఎందుకున్నాయి?” అన్నాడు గవరయ్య. పరువు సంగతి మర్చిపోయి ఒక్క గెంతులో బండ మీదున్నాడు. కొమ్ముల మధ్య డిష్ ఇరికించుకున్నాడు. రంగబాబు ముక్కుతో మర వదులు చేశాడు. లోపల పైడమ్మ గీత చూస్తోంది. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తోంది.

“పెరిగిందా?” బండ మీంచి గవరయ్య.

“పెరిగిందా వదినా?” సన్యాసమ్మ.

“లేదు, తగ్గింది!”

“తగ్గిందట అన్నయ్యా! ఇటు కాదు, అటు!”

“అటంటే ఎటు?”

“వాగు వైపు!”

గవరయ్య వాగు వైపు తల తిప్పాడు. గీత జరజరా ముందుకి పాకింది. “ఆగు! ఆగు! ఆగు!” అని ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒక్కసారే అరిచారు. గవరయ్య బిగుసుకుపోయాడు. మెడ నొప్పి పుట్టినా కదల్లేదు.

“ఇక చాలక్కా! బొమ్మ వస్తుంది,” అన్నాడు రంగబాబు.

“గీతలో ఇంకా కాస్త ఖాళీ ఉంది నాయనా. ఇవాళ ఎండ కాస్తోంది కాబట్టి చాలు. ఎల్లుండి వాన పడితే?”

రంగబాబు ఈసారి విసుక్కోలేదు. డిష్ ఎదురుగా ఎగిరి వెళ్లి ఆకాశం వైపు చూశాడు. ఒక మద్దికొమ్మ అడ్డంగా వాలి ఉంది. సన్యాసమ్మ చెట్టెక్కి ఆ కొమ్మని ఫెళ్లున విరిచింది.

గీత నిండిపోయింది! రంగబాబు చటుక్కున మర బిగించేశాడు.

అందరూ లోపలికి పరుగెత్తారు. తెరమీద ఆటగాడు కూత పెట్టి ఉరికాడు. కాళ్లు కాళ్లలాగే ఉన్నాయి. మడమ కింద లేచిన దుమ్ము కూడా కనబడింది.

“బాగుంది,” అంది పైడమ్మ. ఇల్లంతా ఈలలతో మారుమోగింది. రంగబాబుకి ఇంతవరకూ ఎన్ని ‘అబ్బో’లు విన్నా, ఆ ఒక్క ‘బాగుంది’ విన్నప్పుడు కలిగినంత సంతోషం కలగలేదు.

“రేపు మా ఇంటికి రా!” “మా ఇంటికి!” అని అందరూ రంగబాబుని పట్టుకున్నారు. కానీ తెల్లవారేసరికి వాన పట్టుకుంది. ఎవరింటి పైకీ ఎక్కే వీల్లేకపోయింది.

పందెం రోజున వాన ఇంకా పెరిగింది. ఆకాశం నల్లగా కిందికి దిగింది. ఉరుములకి కొండ అదిరింది. సన్యాసమ్మ ఇంట్లో టీవీ ఆగిపోయింది. కుందేళ్ల ఇంట్లో గళ్లు తప్ప ఏమీ లేవు. పందుల ఇంట్లో తెర నల్లబడింది. అందరికీ ఒకటే ఆలోచన వచ్చింది. తడుస్తూ, జారుతూ, పైడమ్మ ఇంటికి పరుగెత్తారు.

“రండి రండి! ఇంకా మొదలవలేదు,” అంది పైడమ్మ.

కుందేళ్లు ఎలుగుబంటి ఒళ్లోకి ఎక్కాయి. పందులు గుమ్మం నిండా నిలబడ్డాయి. రంగబాబు గవరయ్య కొమ్ము మీద వాలాడు. బయట వాన హోరు. తెరమీద బొమ్మ మాత్రం కడిగిన ఆకులా ఉంది.

పందెం మొదలైంది! పచ్చికబయళ్ల నుంచి వచ్చిన కృష్ణజింక బాణంలా ముందుకి దూసుకుపోయింది. దాని వెనక ఒక తోడేలు. మూడో స్థానంలో మువ్వ.

టీవీలో పందెం వివరాలు చెబుతున్న గోరింక అంది, “కృష్ణజింకకి తిరుగులేదు! పాపం మువ్వ, అలిసిపోయినట్టుంది!”

గవరయ్య కళ్లు మూసుకున్నాడు. కుందేళ్లు నీరుగారిపోయాయి.

పైడమ్మ మెడ చాచి తెరలోకి తొంగి చూసింది.

“అలిసిపోవడమా! దాని చెవులు చూడండి! ఇంకా నిటారుగానే ఉన్నాయి. ప్రాణం పెట్టి పరిగెత్తేటప్పుడు మువ్వ చెవులు వెనక్కి వాల్చేస్తుంది. అది ఇంకా మొదలే పెట్టలేదు!”

అందరి కళ్లూ ఆ రెండు చిన్న చెవుల మీదే. తోడేలు వెనకబడింది. మువ్వ రెండో స్థానం. మలుపు తిరిగింది. చెవులు నిటారుగానే ఉన్నాయి. గమ్యం కనబడుతోంది.

“వాలాయి!” అని గావుకేక పెట్టాడు రంగబాబు.

వాలాయి! మువ్వ చెవులు మెడకి అంటుకుపోయాయి. నాలుగు కాళ్లూ నేలని తాకుతున్నాయో లేదో తెలియడం లేదు. కృష్ణజింక పక్కకి వచ్చింది. భుజానికి భుజం. ముక్కుకి ముక్కు. బయట పెద్ద పిడుగు పడింది. బొమ్మ చెక్కు చెదరలేదు. మువ్వ ముక్కు ముందుకొచ్చింది. మెడ ముందుకొచ్చింది. దాటేసింది!

“గెలిచింది! మన మువ్వ గెలిచింది!”

గవరయ్య వానలోకి ఉరికి చిందులేశాడు. సన్యాసమ్మ కుందేళ్లని గాల్లోకి ఎగరేసి పట్టుకుంది. పందులు బురదలో దొర్లాయి. రంగబాబు ఇంటి చుట్టూ చక్కర్లు కొడుతూ అరిచాడు, “వాన వెలవగానే మీ అందరి ఇళ్లకీ వస్తాను! మీరు చాలు అనేదాకా దిగను! మీ పక్కన కూర్చుని చూసి మరీ వెళ్తాను!”

తెరమీద మువ్వ ముఖం దగ్గరగా చూపించారు. ఆయాసపడుతోంది. కళ్లు మెరుస్తున్నాయి. ఎడమ చెంప మీద ఇంత బురద.

పైడమ్మ లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. ఆ గొడవలో ఎవరూ గమనించలేదు. మెల్లగా నాలుక చాచి కూతురి చెంప మీది బురద తుడిచింది. నాలుకకి చల్లగా అద్దం తగిలింది. అప్పుడు గానీ ఆవిడకి తెలిసి రాలేదు. తనలో తనే నవ్వుకుంది. ఎవరూ చూడడం లేదని రూఢి చేసుకుని, ఇంకోసారి తుడిచింది.

నీతి: అందరూ బాగుందన్నారని మనం బాగుందనకూడదు, మన కళ్లతో మనం చూసి, బాగాలేనిది బాగయ్యేదాకా మంచిమాటతో అడగాలి.