ఒత్తులు ఊడిన చక్రవర్తి

ఒకానొక రాజ్యంలో, గుర్రపుశాల పక్కనే కంప్యూటర్ల గది కూడా ఉన్న రోజుల్లో, ఉద్దండవర్మ అనే రాజుగారు ఉండేవారు. మంచివారే. కాకపోతే కొత్తదంటే చెవి కోసుకునేవారు. పాతదే బాగుందన్నవాడు ఆయన కంటికి బూజు పట్టినవాడిలా కనిపించేవాడు.

ఒకనాడు కోటలోని కంప్యూటర్లన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టం వేయించారు. మర్నాటి నుంచి మొదలైంది తంటా. ఎడమ పక్క ఉండేవి నడిమికి వచ్చాయి. రోజూ వాడేవి ఎక్కడో దాక్కున్నాయి. ప్రింటరు ఎవరినీ ఎరగనట్టు కూర్చుంది. పని మధ్యలో యంత్రం తనంతట తానే ఆగి మళ్ళీ మొదటికి వచ్చేది. అయినా ఎవరూ నోరు మెదపలేదు. రాజుగారికి నచ్చింది మరి.

అసలు ఘోరం అక్షరాలకు జరిగింది. రాజశాసనాలు టైపు చేసే సూరసాని యంత్రంలో తెలుగు ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. దండోరా వేసేవాడు ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి. నడివీధిలో నిలబడి, "చక్‌రవర్‌తి ఉద్‌దండవర్‌మ వారి శాసనం" అని గొంతెత్తాడు. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

రాజుగారికి ఒళ్ళు మండింది. కొత్త యంత్రంలో తప్పుండదనీ, తప్పంతా వాడేవాళ్ళదేననీ, పొద్దుగూకేలోగా సూరసాని కొలువు విడిచి పోవాలనీ ఆజ్ఞాపించారు.

సూరసాని కళ్ళొత్తుకుంటూ ఆస్థాన విదూషకుడు గవర్రాజు దగ్గరికి వచ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి పిల్లల్ని ఆ కొలువు మీదే సాకుతోంది. రాజుగారితో వాదించడం గోడకు తల కొట్టుకోవడమేనని గవర్రాజుకు తెలుసు. ఆయన దేన్నైనా ఓర్చుకుంటారు గానీ ఆకలిని ఓర్చుకోలేరనీ తెలుసు. తిన్నగా వంటశాలకు నడిచాడు.

మధ్యాహ్నం రాజుగారు పీట మీద కూర్చోగానే మొట్టమొదట పెరుగన్నం వచ్చింది. ఆయన తెల్లబోయారు. పెరుగు వడ్డించారంటే ఇక చెయ్యి కడుక్కోమనే కదా. ఆవకాయ ఏదని అడిగితే విస్తరి కిందికి మార్చామన్నారు. నెయ్యి వేయమంటే, నిజంగా వేయమంటారా అని ఒకటికి రెండుసార్లు అడిగారు. ఎలాగో పప్పు సంపాదించి నోట్లో ముద్ద పెట్టుకునేసరికి, వడ్డించేవాడు విస్తరి లాగేసి, కొత్తది పరిచి, మళ్ళీ పెరుగన్నంతో మొదలుపెట్టాడు.

"ఏమిటిది గవర్రాజూ?"

"కొత్త భోజన పద్ధతి ప్రభూ. తమరికి కొత్తదంటే ఇష్టం కదా. నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది."

"అలవాటయ్యేలోగా నా ప్రాణం పోయేట్టుంది. ముద్ద దిగనిస్తేనా?"

గవర్రాజు చేతులు కట్టుకున్నాడు.

"పదార్థాలన్నీ వండే ఉన్నాయి ప్రభూ. పద్ధతిలో తప్పుండదు. అయినా భోజనం సాగలేదంటే తప్పు తినేవారిదే. పొద్దుగూకేలోగా తినేవారిని పంపించేస్తే సరి. సూరసానికి తమరు చెప్పిన న్యాయం అదే కదా."

రాజుగారు గవర్రాజు వంక చూశారు, పెరుగన్నం వంక చూశారు. తర్వాత పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుని, సూరసానిని పిలిపించారు.

"పొరపాటు నాదేనమ్మా. నీ యంత్రానికి పాత సిస్టమే వేయిస్తాను. ఇకమీదట కొత్తది తెచ్చే ముందు నిన్ను అడుగుతాను."

ఆమె రెండు చేతులూ జోడించింది. రాజుగారు తన చేతి కడియం తీసి గవర్రాజుకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"పొద్దుటి నుంచి ఈ ఏర్పాట్లతోనే సరిపోయింది ప్రభూ. నేనూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

రాజుగారు తన పక్కనే పీట వేయించారు. ఇద్దరూ పప్పుతో మొదలుపెట్టి, చేతులు ఎండేదాకా కబుర్లు చెప్పుకుంటూ తృప్తిగా తిన్నారు.