ఖంగుమన్న కుండ

కూర్మనాథం మాస్టారిని ఏదైనా ఇంగ్లీషు మాటకి అర్థం అడిగితే ముందు చెప్పులు వేసుకుంటారు. సాలూరులో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. బీరువాలో మూడు డిక్షనరీలున్నాయి గానీ, వాటిని ఏడాదికోసారి ఎండలో పెట్టడానికి తప్ప బయటికి తీయరు. ఆదివారాలు ఆయన అరుగు మీద చేరే మాబోటి పాత శిష్యులకి ఈ అలవాటు తెలుసు. అందుకే నడిచే ఓపిక లేని రోజున మేమెవరం సందేహాలు అడగం.

త్రినాథ్‌కి ఆ సంగతి తెలియదు. మాస్టారి ఆఖరి బ్యాచివాడు, ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాడు. ఆ ఆదివారం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మాస్టారూ, హియర్ అన్నా వినడమే, లిజన్ అన్నా వినడమే, తేడా ఏమిటని పిల్లలు అడిగారు. చెవిన పడితే హియర్, చెవి పెడితే లిజన్ అని చెప్పాను. అర్థమైందా అంటే, అర్థమైంది సార్ అని నలభై మందీ ఒక్క గొంతుతో అన్నారు. మర్నాడు పరీక్ష పెడితే సగంమంది తెల్లకాగితాలిచ్చారు. ఏ పాఠమైనా ఇదే వరస. అర్ధసంవత్సర పరీక్షలో కూడా ఇలాగే అయితే ఇంకొకరిని చూసుకుంటామని హెడ్మాస్టరు చెప్పేశారు. నాకీ పని ఇష్టం మాస్టారూ. ఆ తేడా ఇంతకన్నా బాగా ఎలా చెప్పాలి?"

నిజానికి మాలో ఎవరం చెప్పినా అంతకన్నా బాగా చెప్పలేం. మాస్టారు తలూపి, లేచి చెప్పులు వేసుకున్నారు. "మా ఇంట్లో నీళ్ల కుండ పాతబడింది. పద, నువ్వే ఏరిపెడుదువుగాని" అన్నారు. చోద్యం చూడ్డానికి నేనూ వెనకాలే బయల్దేరాను.

కుమ్మరి వీధి మొదట్లో తాటాకు పందిరి కింద సన్యాసమ్మ కూచుంటుంది. కుండలు చేసేదీ ఆవిడే, ఆములో పెట్టి కాల్చేదీ ఆవిడే, అమ్మేదీ ఆవిడే. త్రినాథ్ బాగా ఎర్రగా కాలిన కుండ ఒకటి తీసుకుని, ఎంతో తెలిసినవాడిలా వేళ్ల కణుపులతో కొట్టాడు. అది ఖంగుమంది. ఇది బాగుందమ్మా అన్నాడు. సన్యాసమ్మ దాన్ని అందుకుని తనూ కొట్టింది. కళ్లు మూసుకుని, కాస్త తిప్పి మళ్లీ కొట్టింది. అలా చుట్టూ నాలుగైదుచోట్ల కొట్టి పక్కన పెట్టేసింది.

"ఇది ఒద్దు బాబూ. ఇంకోటి తీసుకో."

"ఎందుకు? మోగింది కదా. నేనూ విన్నాను."

"మోగిందా లేదా అని నువ్విన్నావు. అదేటంతందో నాను ఇన్నాను."

త్రినాథ్‌కి కాస్త రోషం వచ్చింది. మంచిది దాచుకుని నాసిరకం అంటగట్టడానికి ఎత్తు వేస్తోందనుకున్నాడు, పాపం. ఆవిడ ఆ కుండ నిండా నీళ్లు పోసి, పొడి బూడిద మీద పెట్టి, కాసేపు కూకోండి అంది. మేం నీడలో కూచున్నాం. మాస్టారు ఆవిడ కూతురి క్షేమసమాచారాలు అడిగారు. తర్వాత కుండ ఎత్తి చూస్తే, ఒక పక్క బూడిద తడిసి నల్లబడి ఉంది. సరిగ్గా అక్కడే కుండకి వెంట్రుకంత బీట, చూపిస్తే తప్ప కనపడనిది.

"మరి దీన్నేం చేస్తావు?" అని నేనడిగాను.

"ఆములో కాలిపోనాక ఏటి చేస్తాం బాబూ, మొక్క పెట్టుకోడవే. తప్పు నాదే. పచ్చికుండప్పుడు ఒక్కోటీ ఒళ్లో పెట్టుకుని తట్టి చూత్తాను. మొన్న వానొస్తందని గాబరా పడి, అన్నింటి మీదా ఒకేపాలి తట్టుకుంటా పోనాను. అన్నీ బాగానే పలికినట్టనిపించింది. అప్పుడే ఇనుంటే ఇంత తడి మట్టి మెత్తి నిలబెట్టేద్దును."

ఆవిడ ఏరిచ్చిన కుండ భుజాన పెట్టుకుని త్రినాథ్ మా ముందు నడిచాడు. వంతెన దాటాక, "మాస్టారూ, మా నలభై మందీ కూడా ఒకేసారి పలుకుతారు" అన్నాడు. ఎండగా ఉంది, నీడకి నడవమన్నారు మాస్టారు.

మళ్లీ ఆదివారం వాడు రావడమే నవ్వుతూ వచ్చాడు. వారమంతా పిల్లల్ని ఒక్కొక్కర్నీ బల్ల దగ్గరికి పిలిచి, పాఠంలో నీకేం తెలిసిందో చెప్పమని కూచున్నాట్ట. మధ్యలో తను అందుకోకుండా ఊరుకోవడం ఇంత కష్టమని తెలీదన్నాడు. కిటికీ పక్కన కూచునే యశోద అనే పిల్ల చాలాసేపు నేలచూపులు చూసి, మొదటి పాఠం నుంచీ ఏమీ అర్థం కాలేదు సార్ అందట. మరి రోజూ అర్థమైంది అనేదానివి కదమ్మా అంటే, అందరూ అంటున్నారు కదా సార్ అందట. అలాంటివాళ్లు పద్నాలుగుమంది తేలారు.

"వాళ్లకి బడయ్యాక మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను మాస్టారూ. నిన్న యశోద తనంతట తనే చెయ్యెత్తి ఒక ప్రశ్న అడిగింది" అన్నాడు. నాకూ చాలా సంతోషమేసింది. అయినా ఉండబట్టలేక, పరీక్షలు ఇంకెన్నాళ్లురా అన్నాను.

"ఆరు వారాలు" అని, వాడు బెంగగా మాస్టారి వంక చూశాడు.

మాస్టారు కొత్త కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి వాడి చేతికిచ్చారు.

"తాగు. ఇంకా ఆములో పెట్టలేదుగా" అన్నారు.