అడుగు పొర

కొండ కింద ఒక గుంత ఉండేది. గుంతలో పెద్ద ఇనప తొట్టి, తొట్టి అడుగున ఫీడరు. కొండ మీద పగలగొట్టిన సున్నపురాళ్లను డంపర్లు తెచ్చి తొట్టిలో పోసేవి. ఫీడరు వాటిని మెల్లగా మోసుకెళ్లి క్రషరు నోట్లో పెట్టేది. క్రషరు నమిలేది. నమిలిన రాయిని బెల్టు ఎక్కడికో పట్టుకుపోయేది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని.

ఫీడరంటే వింత యంత్రమేమీ కాదు. రెండు వేళ్ల మందం ఇనప పలకలను ఒకదాని పక్కన ఒకటి పేర్చి గొలుసులకు బిగించిన చాప. ఆ చాప చీమ నడిచినంత నెమ్మదిగా ముందుకు జరిగేది. ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో దానికి తెలుసు. ఎక్కువ పెడితే క్రషరు గొంతుకు అడ్డం పడుతుంది. తక్కువ పెడితే ఉత్త నోరు నములుకుంటూ పళ్లు అరగదీసుకుంటుంది.

అయినా చూడటానికి వచ్చినవాళ్లంతా క్రషరునే చూసేవారు. చప్పుడు చేసేవాళ్లే పనిచేస్తున్నారని లోకం అనుకుంటుంది. పనివాళ్లు క్రషరును 'పెద్దాయన' అనేవారు. ఫీడరును 'గుంతలోది' అనేవారు. ఆయుధపూజ నాడు పెద్దాయనకు గుమ్మడికాయ కొట్టి, బంతిపూల దండ వేసి, హారతిచ్చేవారు. పూజారి వేలికి మిగిలిన కుంకుమను గుంతలోదాని అంచుకు తుడిచి వెళ్లిపోయేవాడు.

ఫీడరు అందుకు ఏనాడూ నొచ్చుకోలేదు. దానికి ఒక్కటే పట్టుదల. తొట్టిని పూర్తిగా ఖాళీ కానిచ్చేది కాదు. నడుమెత్తు రాళ్లను ఎప్పుడూ తన మీద ఉంచుకునేది. డంపరు వచ్చి బండలు దొర్లిస్తే అవి ఆ పొర మీద పడేవి. రాయి మీద రాయి పడి ఊరుకునేది. ఇనుముకు దెబ్బ తగిలేది కాదు.

ఎంత పొర ఉండాలో తెలియడానికి తొట్టి గోడకు లోపల ఒక సున్నపు గీత ఉండేది. రాళ్లు ఆ గీత దాకా దిగగానే, క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటరు పీరయ్య మీట ఎత్తేసేవాడు. అతను ఏమరినా ఫీడరు ఏమరేది కాదు. గొలుసు బిగబట్టుకునేది. మోటారు రెండు మూలుగులు మూలిగి దానంతటదే ఆగిపోయేది.

ఆ గీత గీసింది ఓబులమ్మ. ఫీడరు కింద రాలిపడిన రాతి చూరను పారతో లాగి గంపలకెత్తడం ఆమె పని. పద్నాలుగేళ్లుగా అదే పని చేస్తోంది కాబట్టి ఫీడరు మాట ఆమెకు వినబడేది. అడుగున ఊడ్చేవాళ్లకు వినబడేవి చాలా ఉంటాయి. పైవాళ్లు ఎన్నడూ అడగరు.

మధ్యాహ్నం యంత్రాలు ఆగినప్పుడు ఆమె ఫీడరు పక్కనున్న ఇనప మెట్టు మీద కూర్చుని డబ్బా విప్పేది.

"ఈరోజూ మాడేనా?" అని అడిగేది ఫీడరు.

"మాడుకేం తక్కువ? కరకరలాడతాది."

"పైన మెత్తటి అన్నమంతా ఎవరు తిన్నారు?"

"ఎవరు తింటారు, మా ఇంట్లోవాళ్లే. మా ఆయన, ఆయన తమ్ముడు, అత్త, నా ఇద్దరు కొడుకులు. అందరికీ పెట్టినాక అడుగున ఏముంటే అది నాది."

"నేనూ అందరికీ పెడతాను. కాకపోతే నాది ముందే ఉంచుకుంటాను."

"నీకేమే తల్లీ, ఇనుపదానివి. నీకు చెల్లుతాది. నేనట్ల ఉంచుకుంటే మా అత్త ఊరంతా టముకు వేసొస్తాది."

ఫీడరు గొలుసు గలగలమనేది. అది దాని నవ్వు. ఓబులమ్మ కూడా నవ్వి, మాడులో మజ్జిగ పోసుకునేది.

క్రషరుకు మాత్రం ఆ పొరంటే గిట్టేది కాదు.

"ఏమే, లోపల అంత పెట్టుకుని అయిపోయిందంటావేం?" అనేది.

"నీకు పెట్టాల్సింది అయిపోయిందన్నాను."

"పెట్టేదానికి మళ్లీ వేరే వాటా ఏమిటి?"

"అది వాటా కాదయ్యా. నా వీపు."

ఆ మాట క్రషరుకు అర్థమయ్యేది కాదు. నమలడానికి వీలైనదే దానికి అర్థమయ్యేది. అలాగని చెడ్డదేం కాదు. డంపర్లు రావడం ఆలస్యమై గుంతంతా నిశ్శబ్దమైపోతే, "ఉన్నావా?" అని పిలిచేది. "ఎక్కడికి పోతాను" అనేది ఫీడరు. ఒకరి నోటికి ఒకరి చెయ్యి ఎదురుగా ఇరవై రెండేళ్లు బతికితే ఏదో ఒకటి అల్లుకుంటుంది. దాన్ని ప్రేమంటారా, అలవాటంటారా అని యంత్రాలు తలబద్దలు కొట్టుకోవు.

ఒక వేసవిలో కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన రోజే తొట్టిలోకి తొంగిచూశాడు.

"ఏమయ్యా పీరయ్యా, అడుగున ఆ రాళ్లేమిటి?"

"అది పరుపు సార్. ఎప్పుడూ ఉంటాది."

"ఎప్పుడూ అంటే?"

"నేను పన్లో చేరకముందు నుంచీ ఉంది సార్. పైన పడే బండలకు కింద మెత్తగా ఉండాలని..."

"ఇనుముకు మెత్తన కావాలా? రాళ్లు మోయడానికే గదయ్యా దాన్ని చేసింది!"

కింద చూర ఎత్తుతున్న ఓబులమ్మ తలెత్తింది. "సార్, మీ కుర్చీలో దిండు ఎందుకేసినారు సార్?"

ఎవరో కిసుక్కుమన్నారు. పీరయ్య దగ్గు తెచ్చుకున్నాడు. మేనేజరు ఆమె హెల్మెట్టు రంగు చూశాడు. అది కూలీల రంగు. ఆ రంగుకు జవాబు చెప్పనక్కర్లేదని తేల్చుకుని వెళ్లిపోయాడు.

పది రోజుల్లో చైర్మన్ గారు గని చూడటానికి వస్తున్నారు. ఆ రోజు క్రషరు ఎన్నడూ నమలనంత నమలాలని మేనేజరు కోరిక. అందుకు అడుగు పొర కూడా కావాలి. కానీ గీత దాటితే గుంతలోది బిగుసుకుపోతుందని అందరూ చెప్పారు. మేనేజరు తెలివైనవాడు. బలవంతం చేస్తే బిగుసుకునేవాళ్లను ఎలా వదులు చేయాలో అతనికి తెలుసు. బంతిపూల దండ తెప్పించాడు. రంగులతో ఒక బోర్డు రాయించాడు. రెండూ ఫీడరు అంచుకు కట్టించాడు.

ఇరవై రెండేళ్లలో ఫీడరుకు పూలు పెట్టడం అదే మొదలు.

"ఏం రాశారు?" అని అడిగింది ఫీడరు.

ఓబులమ్మ కూడబలుక్కుని చదివింది. "తల్లిలాంటి మన ఫీడరు. తనకంటూ ఏమీ ఉంచుకోనిది."

"బాగానే రాశారే."

"మొదటి ముక్క నీకు రాసినారు. రెండోది వాళ్లకోసం రాసుకున్నారు."

"నీకన్నీ అనుమానాలే."

"దండ బరువుగా లేదా?"

"పూలకు బరువేముంటుంది?" అంది ఫీడరు. దాని గొంతు ఆ రోజు కొంచెం వేరుగా ఉంది. ఓబులమ్మకు అది నచ్చలేదు.

చైర్మన్ గారు వచ్చారు. పొద్దుటి నుంచి క్రషరు ఉరుముతూనే ఉంది. మధ్యాహ్నానికి అతిథుల కార్లకు దారివ్వడానికి డంపర్లను పక్కన నిలిపేశారు. తొట్టిలో రాళ్లు గీత దాకా దిగాయి. పీరయ్య చెయ్యి మీట మీదకు పోయింది.

"ఆపొద్దు" అన్నాడు వెనక నిలబడిన మేనేజరు.

పీరయ్య చెయ్యి గాల్లోనే ఆగింది. ఫీడరు గొలుసు బిగబట్టింది. మోటారు ఒక మూలుగు మూలిగింది.

"బిగబట్టే! వదలద్దు!" అని కింద నుంచి అరిచింది ఓబులమ్మ.

అప్పుడు క్రషరు పిలిచింది. ఉరమలేదు, మెల్లగా పిలిచింది. "ఏమే, ఈ ఒక్కరోజుకే. అందరూ నన్నే చూస్తున్నారు. నువ్వు పెట్టకపోతే నాకెవరు పెడతారు చెప్పు?"

అందులో చివరి మాట నిజం. అబద్ధాన్ని కాదనడం తేలిక. నిజం చెప్పి చెయ్యి చాపినప్పుడే కాదనలేం. ఫీడరు ఒకసారి క్రషరు వైపు చూసింది. ఒకసారి తన అంచున ఊగుతున్న పూలను చూసుకుంది. గొలుసు వదిలేసింది.

గీత పైకి తేలిపోయింది. రాళ్లు తొలగి ఒక్కో పలకా బయటపడింది. ఇరవై రెండేళ్లలో ఆ పలకల మీద ఎండ పడటం కూడా అదే మొదలు. చివరి రాయి క్రషరు నోట్లో పడ్డాక చైర్మన్ గారు చప్పట్లు కొట్టారు. క్రషరు వైపు తిరిగి కొట్టారు.

అతిథులు భోజనాలకు కదులుతుండగానే మొదటి డంపరు వచ్చింది. తొట్టిలో ఏముందో, ఏం లేదో డ్రైవరుకు తెలియదు. వెనక్కి వచ్చి ఎత్తాడు. మంచమంత బండ ఒకటి జారి, ఒట్టి ఇనుము మీద పడింది.

ఆ చప్పుడుకు అందరూ గుంత వైపు తిరిగారు. గుంత వైపు అందరూ తిరగడం అదే మొదలు. మూడు పలకలు వంగిపోయాయి. ఒకటి చిట్లింది. గొలుసు గాడి తప్పి పక్కకు జారింది. బోర్డు రెండు ముక్కలైంది. పూలు ఎక్కడున్నాయో కనబడలేదు.

"ఇంత నాజూకైతే ఎట్లా?" అన్నాడు మేనేజరు. "పాతదైపోయింది సార్. తుక్కుకు పంపించి కొత్తది తెప్పిద్దాం."

"కొత్తది ఎప్పటికొస్తుంది?" అని అడిగారు చైర్మన్ గారు.

"ఎనిమిది నెలలు పడుతుంది సార్."

"అందాకా దీనికి ఎవరు పెడతారు?" అని ఆయన క్రషరును చూపించారు. మేనేజరు మరమ్మతువాళ్లను పిలిపించాడు. అలా ఫీడరు తుక్కు కాకుండా బతికింది. ప్రాణం పోకుండా కాపాడింది దాని మీద జాలి కాదు, పెద్దాయన ఆకలి.

మరమ్మతుకు పదకొండు రోజులు పట్టింది. క్రషరు నోరు తెరుచుకుని కూర్చుంది. మొదటి రోజు డంపరును తిట్టింది. రెండో రోజు మేనేజరును తిట్టింది. మూడో రోజు ఆ బండను తిట్టింది. నాలుగో రోజు తిట్టడానికి ఇంకెవరూ దొరకలేదు.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"నేను అడక్కుండా ఉండాల్సింది."

"నేను వదలకుండా ఉండాల్సింది."

తర్వాత క్రషరే మళ్లీ అంది. "వీపు అన్నావు చూడు, అప్పట్లో..."

"ఊఁ."

"ఏం లేదు. గుర్తొచ్చింది."

పన్నెండో రోజు పొద్దున కొత్త పలకలు మెరుస్తున్నాయి. మేనేజరు చెయ్యి ఊపి డంపరును పిలిచాడు. అది వెనక్కి రాబోతుంటే ఓబులమ్మ తొట్టి అంచున అడ్డంగా నిలబడింది. చేతిలో చిన్న రాళ్ల గంప ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"ముందు పొర పడాల సార్."

"డంపరు పోస్తుంది కదా!"

"డంపరు పోస్తే బండలు పడతాయి. ముందు చిన్నరాళ్లు, చేత్తో. ఒట్టి ఇనుము మీద బండ పడనియ్యను."

"రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదు, తెలుసా?"

"రేపటి మాట గదా సార్. ఈరోజు పని చేసి పోతా" అని గంప వంచింది.

చూర ఎత్తే ఆడవాళ్లు మరో ఏడుగురు గంపలు తీసుకుని వచ్చి ఆమె వెనక వరసగా నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. పీరయ్య క్యాబిన్ దిగాడు.

"నీకేం పని అన్నా ఇక్కడ?" అంది ఓబులమ్మ.

"పరుపు వేయకుండా నేను మీట నొక్కనులే అక్కా. పైన కూర్చుని ఏం చేయాల? ఆ గంప ఇట్లియ్యి."

మేనేజరు ఆ గంపలను చూశాడు. ఖాళీ క్యాబిన్‌ను చూశాడు. నోరు తెరుచుకున్న క్రషరును చూశాడు. గడియారం చూసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆ రేపటి మాట మళ్లీ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి నడుమెత్తు పొర పడింది. ఓబులమ్మ తొట్టిలోకి దిగి సున్నంతో గీత గీసింది. పాతదానికంటే లావుగా గీసింది.

యంత్రాలు కదిలాయి. డంపర్లు పోశాయి, ఫీడరు పెట్టింది, క్రషరు నమిలింది. రాళ్లు గీత దాకా దిగాయి. పీరయ్య ఇంకా మీట ఎత్తలేదు. ఫీడరు ఇంకా గొలుసు బిగబట్టలేదు.

"చాలు" అంది క్రషరు.

ఆ నోటి నుంచి ఆ మాట అప్పటిదాకా ఎవరూ వినలేదు.

"ఇంకొంచెం పెట్టనా?" అంది ఫీడరు. అది వేళాకోళమని గొలుసు చప్పుడులోనే తెలుస్తోంది.

"వద్దులేవే. నీకుండనీ."

మర్నాడు ఓబులమ్మ మెట్టు మీద కూర్చుని డబ్బా విప్పింది.

"ఈరోజూ మాడేనా?" అంది ఫీడరు.

ఓబులమ్మ డబ్బాలోకి చూసింది. మాడుకేం తక్కువ అనబోయి ఆగింది. మూత పెట్టేసింది.

"పీరయ్యన్నా, నీ దగ్గర ఇనప మేకుందా?" అని కేకేసింది.

"ఎందుకు అక్కా?"

"పనుంది."

సాయంత్రం ఇంట్లో ఆమె అన్నం గిన్నెను తెల్లగా తోమింది. లోపలి గోడకు, అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తున, మేకుతో చుట్టూ గీత గీసింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

అందరూ కూర్చున్నారు. అందరికీ పెట్టింది. ఇంకొంచెం పెట్టుకోవడానికి మొగుడు తనే గిన్నె దగ్గరకు లాక్కుని గంటె ముంచాడు.

"ఇదేందే, గిన్నెలో ఈ గీత?"

అత్త తల తిప్పి చూసింది. కొడుకులిద్దరూ తినడం ఆపారు. ఓబులమ్మ లేచింది. గోడ వారగా బోర్లించి ఉన్న తన పళ్లెం తెచ్చి, వెల్లకిలా తిప్పి, తన ముందు పెట్టుకుంది.

గంటె గీత దాకా దిగి, అక్కడ ఆగింది.